పదకొండు రిజిస్టర్లు

శిక్షణ రెండో రోజు. విద్య పదకొండు రిజిస్టర్లను బల్ల మీద వరసగా పేర్చింది.

"డేటా అంటే గిట్లుండాలె," అంది. "పదకొండేండ్లు. ఒక్క రోజు ఖాళీ లేదు. ఎవరు రాసిండ్రు, ఎన్ని గంటలకు రాసిండ్రు, అన్నీ ఉన్నయి. పోశం కాకా, జర లేచి నిలబడుండ్రి."

వెనక వరసలో పోశం లేచాడు. ప్రయోగశాల సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు. అతను తల ఎత్తలేదు. చప్పట్లు ఆగకముందే కూర్చున్నాడు.

విద్య మహారాష్ట్రలోని రాజురా దగ్గర తెలుగు రైతుల ఇంటి పిల్ల. నాగపూర్‌లో చదివింది. పరిశోధనల్లో వచ్చే కొలతలు ఎలా రాయాలో, ఎలా భద్రపరచాలో ఊరూరా తిరిగి నేర్పడం ఆమె ఉద్యోగం. చంద్రపూర్‌లోని ఈ లోహ పరీక్షల ప్రయోగశాలకు రావడం ఇదే మొదటిసారి.

పోశం చూసుకునేది ఒకే ఒక్క పరీక్ష. వెనక గదిలో ఒక కొలిమి. అందులో వేలెడంత ఉక్కు కడ్డీ, దానికి వేలాడే బరువు. అంత వేడిలో బరువు మోస్తే ఉక్కు కూడా కంటికి ఆననంత మెల్లగా సాగుతుంది. సాగి సాగి ఒకరోజు విరుగుతుంది. అది ఎన్నేళ్లకో తెలిస్తే, అదే ఉక్కుతో చేసిన బాయిలర్ గొట్టాలు ఎన్నేళ్లు ఆగుతాయో చెప్పవచ్చు.

పోశం తండ్రి మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పోశానికి బావిలో పని దొరకలేదు. ఈ పని దొరికింది. కాగితంలో షరతు ఒక్కటే. పరీక్ష నడిచినన్నాళ్లే ఉద్యోగం. కడ్డీ విరిగిన రోజు పోశం ఇంటికి పోవాలి.

అందుకే బస్తీలో వాళ్లు అతన్ని బాగున్నావా అని అడగరు. "కడ్డీ బాగున్నదా?" అంటారు.

"బాగనే ఉన్నది," అంటాడు పోశం.

భోజనాల వేళ విద్య డబ్బా పట్టుకొచ్చి అతని పక్కన కూర్చుంది.

"పదకొండేండ్లల్ల ఒక్క సుట్టి గూడ తీస్కోలేదా కాకా?"

"మా అవ్వ సచ్చిపోయిన నాడు గూడ వచ్చి రాసి పోయిన."

విద్య డబ్బా మూత తీసింది.

"మీకు ఎవ్వరు చెప్పలేదు కావచ్చు. మీ అంకెలు ఉత్తగ పోలే. నది అవతల కరెంటు కంపెనీ ఉన్నది గదా, పోయినేడు వాళ్లు తీస్కున్నరు. వాళ్ల బాయిలర్ గొట్టాల గడువు అయిపోయింది. మీ కడ్డీ ఇంక నిలబడ్డదని చూసి, గొట్టాలు మార్చకుంట ఇంకో ఐదేండ్లు నడుపుతుండ్రు."

పోశం చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. అతని కూతురు స్నేహలత పాలిటెక్నిక్ అయిపోయి, నాలుగు నెలల కిందటే ఆ బాయిలర్ దగ్గర పనిలో చేరింది.

"విద్యమ్మా..."

"ఏంది కాకా?"

పోశం వెనక గది తలుపు వైపు చూశాడు.  

"కడ్డీ విరిగితే నౌకరి పోతదని పరేషానా? గ్రాఫ్ మీద గీత చూస్తే ఎరికైతలేదా! ఇంక శానా ఏండ్లు ఉంటది."

"గంతే బిడ్డా," అన్నాడు పోశం. డబ్బా మూత పెట్టేశాడు.

సాయంత్రం స్నేహలత డ్యూటీ నుంచి వచ్చి గడప దగ్గర బూట్లు విప్పుతోంది.

"ఆ పని ఇడిసిపెట్టు బిడ్డా."

"ఏమైంది బాపు?"

"గా బాయిలర్ కాడ వద్దు. గొట్టాలు పాతయి."

స్నేహలత నవ్వింది. "నువ్వే గట్లంటే ఎట్ల? ఇయ్యాల మా సార్ గోడకు గ్రాఫ్ పెట్టి చూపిచ్చిండు. పదకొండేండ్ల పరీక్ష, గొట్టాలకు ఏం కాదు అన్నడు. కింద నీ పేరున్నది. మా బాపే అని అందరికి చెప్పిన."

"కాగితం వేరు, గొట్టం వేరు."

"నీ కాగితం మీద నాకు భరోసా ఉన్నది బాపు."

వంటింట్లోంచి మల్లమ్మ మొగుణ్ణి కసిరింది. "పిల్లకు మంచి నౌకరి దొరికితే కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవా?"

పోశం కూతురి ముందు కూలబడ్డాడు. "నీ కాళ్లు మొక్కుత. రేపు పోకు."

స్నేహలత బెదిరిపోయి కాళ్లు వెనక్కి లాక్కుంది. తండ్రి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

"నాకు పొద్దుగాల షిఫ్ట్ ఉన్నది. నువ్వు తిని పండుకో బాపు."

తెల్లవారి కంపెనీ బస్సు వచ్చింది. స్నేహలత కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా పోశం రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఎనిమిదింటికి వెనక గదిలో కొత్త రిజిస్టర్ తెరిచాడు. ముందు గదిలోంచి విద్య గొంతు వినపడుతోంది.

"తప్పైనా సరే, జరిగింది జరిగినట్టు రాయాలె. దాచిపెట్టొద్దు."

పోశం లేచి తలుపు దాకా వెళ్లాడు. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తేదీ వేశాడు. ఆ రోజు కొలత రాసి, పక్కన సంతకం చేశాడు.

కొలిమిలో ఆ కడ్డీ నాలుగో ఏడాదే, స్నేహలత ఏడో తరగతిలో ఉన్నప్పుడే, విరిగి రెండు ముక్కలైంది.