నలుగురికి సరిపడే పోల్కా

ఇంకాస్త దగ్గరికి జరగండి, నా గొంతు ఈమధ్య గోడదాకా పోవడం లేదు. కోర్బినియన్ ఆ మాట విన్న చోటినుంచి చెప్తాను.

పట్నంలో పాటల కాగితాలమ్మే కొట్టది. కోర్బినియన్ గుమ్మంలో తడిసిన గొడుగు దులుపుతున్నాడు. లోపల వల్బుర్గా కొట్టాయనతో మాట్లాడుతోంది.

"మా ఊరి చర్చి పండగ కిర్వాకి చిందులేయించే మంచి పోల్కా పాట కావాలండీ, ఇత్తడి మేళానికి."

"ఎంతమందమ్మా మీరు? పన్నెండుమందికైతే బీరువా నిండా ఉన్నాయి. ఐదుగురికైతే వెతకాలి."

"నలుగురికి."

గొడుగు దులిపే చెయ్యి ఆగిపోయింది. మేళంలో ఉన్నది ఐదుగురు. పాట నడిపేది వల్బుర్గా ఫ్లూగల్ కొమ్ము. బాకాలు ఊదే అన్నదమ్ములిద్దరు, ట్యూబా ఊదే క్సావర్, టెనర్ కొమ్ముతో తను. నలభై ఏడేళ్ళుగా ఆ కొమ్మే అతని లోకం. కానీ నిరుటి చలికాలంలో ముందుపళ్ళు పోయి కట్టుడుపళ్ళు వచ్చాయి. అప్పట్నుంచి పైస్వరాలు జారిపోతున్నాయి.

కొట్టాయన అరలన్నీ గాలించాడు. "నలుగురికి పండగ పాట లేదమ్మా. ఒకరు ఊపిరి పీల్చుకుంటే పాటే ఆగిపోతుంది."

వల్బుర్గా సంచిలోంచి తమ పాత పోల్కా తీసింది. "అయితే దీన్నే నలుగురికి కుదించి రాయించండి."

"ఎవరి వంతు తీసెయ్యాలి?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. కోర్బినియన్‌కి వినబడలేదు. వినాలనీ అనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఊరి మెట్లదారిలో వల్బుర్గా మూడు మెట్లకోసారి ఆయాసపడుతూ కమ్మీ పట్టుకుని నిలబడింది. "ఎవడు కట్టాడో ఈ మెట్లు, వాడి మొహం మండ!" అంది. మామూలు రోజైతే చెయ్యి అందించేవాడే. అందించలేదు.

సాధన ఊళ్ళో ఫైరింజను షెడ్డులో. వల్బుర్గా తన కొమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"నా పాట నువ్వు ఊదరా కోర్బీ. ఒక్కడివే. మేం వింటాం."

ఊదేవాడు. మూడో వరసలో తప్పేవాడు.

"మళ్ళీ."

"ఒరేయ్, మెల్లిగా!" అనేవాడు క్సావర్. "పళ్ళు ఎగిరొచ్చి నా ట్యూబాలో పడితే తియ్యడానికి ఫైరింజనే రావాలి!"

అన్నదమ్ములు పగలబడేవాళ్ళు. వల్బుర్గా నవ్వేది కాదు. "మళ్ళీ."

ఒకనాడు కోర్బినియన్‌కి కడుపు మండిపోయింది. "అందరిముందూ నిలబెట్టి ఎందుకే నన్నిలా ఆడిస్తావు? వద్దనుకుంటే వద్దని చెప్పు!"

"తీరిగ్గా తిట్టుకుందువుగానిలే. ముందు ఊదు."

క్సావర్‌కి ఆ గొడవేం పట్టలేదు. "అవునే బుర్గీ, పండగ గౌను నాలుగు వేళ్ళు లోపలికి కుట్టించావట? ఈ వయసులో ఎవరికోసమే ఈ నాజూకు?"

"నీకోసం కాదులే."

కోర్బినియన్ కసికొద్దీ ఇంట్లో ఆవులపాకలో కూర్చుని పెదాలు వాచేదాకా ఊదాడు. ఆవులు మొదట్లో తోక చూపించేవి. పోనుపోను నెమరు వేస్తూ వినసాగాయి. పాట చేతికొచ్చింది గానీ మనసులో ముల్లు పోలేదు. తనని వెళ్ళమనేదాకా ఎందుకు, తనే వెళ్ళిపోతే సరి అనుకున్నాడు.

పండగ తొమ్మిది రోజులుందనగా కొమ్ముని శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, మేళానికి తిరిగిచ్చేద్దామని షెడ్డుకి తెచ్చాడు. వల్బుర్గా రాలేదు. బల్లమీద పట్నం కొట్టునుంచి పోస్టులో వచ్చిన కవరుంది.

"నువ్వే విప్పాలట, బుర్గీ కబురంపింది," అన్నాడు క్సావర్. "పెద్దరికం నీకొచ్చింది మరి."

"నేనెందుకు విప్పడం? నా వంతు ఉండదుగా అందులో."

అన్నాడే గానీ విప్పాడు. నాలుగు కాగితాలు. మొదటిదాని నెత్తిన ఉంది: 'టెనర్ కొమ్ము. పాట నడిపేది.' ఆవులకి వినిపించిన పాటే, స్వరం పొల్లుపోకుండా.

మిగతా మూడూ తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

ఈ కథ గుర్తుపెట్టుకుని మీవాళ్ళకీ చెప్పండి. ఈ ముక్క మాత్రం ఆఖరిదాకా దాచిపెట్టండి.

అందులో లేనిది వల్బుర్గా వంతు.