చుక్క కారని ఇల్లు

"తల లోపల పెట్టావా?"

"పెట్టానక్కా. నడుం మాత్రం బయటే ఉండిపోయింది."

"నడుంతో మనకి పని లేదులే. చేతులు లోపలుంటే చాలు."

వంటింటి సింకు కింద అరలోకి సగం దూరి, ఫోను పక్కనే నేల మీద పెట్టుకుని, ఇల్లాలు టార్చి వేసింది. కుళాయికి నీళ్ళు తెచ్చే సన్నటి గొట్టాన్ని గోడ దగ్గర బిగించిన చోట ఒక్కో చుక్కా తీరిగ్గా ఊరుతోంది. అది కాసేపు ఆలోచించి, మరీ తప్పదన్నట్టు కింద గిన్నెలో పడుతోంది. గిన్నె నిండినప్పుడల్లా తీసుకెళ్ళి పారబొయ్యడం కొన్నాళ్ళుగా ఆమెకి ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

ఆమె కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ భర్త ఆ గిన్నెకేసి చూసి, "ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, ఈ ఇంట్లో ఒక్క చుక్క కారడం నేనెరగను. నువ్వొచ్చాకే మొదలైంది. అంతా నీ చేతి చలవ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బాత్రూం గడియ ఊడినప్పుడూ అదే మాట, హాల్లో స్విచ్చు పాడైనప్పుడూ అదే మాట. వినగా వినగా అది నిజమేనేమో అనిపించసాగింది ఆమెకి. ఈ ఇంటికి తను అచ్చిరాలేదేమోనన్న దిగులు పట్టుకుంది. అందుకే ఇవాళ అతను వచ్చేలోగా ఆ చుక్క ఆగితీరాలి.

"ఆయనతో చెప్పావా?" అంది ఫోనులో, పక్కింటావిడ నంబరిచ్చిన అక్క.

"చెప్పాను. చూద్దామన్నారు."

"ఆదివారమా?"

"అవును. మీకెలా తెలుసు?"

"మొగుళ్ళందరికీ ఒకటే కాలెండరమ్మా. అందులో ఆదివారం ఉంటుంది గానీ తారీఖు ఉండదు. సరే, ముందు మెయిన్ వాల్వు కట్టెయ్."

"అదెక్కడుంటుందో నాకు తెలీదే."

"పాత అపార్ట్‌మెంటేగా, బాత్రూం అటక మీద ఉంటుంది. ఎవరింట్లోనైనా దానికి అడ్డంగా ఓ పనికిరాని బకెట్టు పెట్టేస్తారు. వెనక్కి చెయ్యి పెట్టి, కుడివైపుకి తిప్పు. మొండికేస్తుంది. బతిమాలకు, గుడ్డ చుట్టి గట్టిగా తిప్పు."

అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. బకెట్టూ ఉంది, వెనక వాల్వూ ఉంది, దాని మొండితనమూ ఉంది. ఆమె జుట్టంతా బూజు పట్టించుకుని తిరిగొచ్చింది.

"కట్టేశానక్కా. ఇక పానాతో విప్పెయ్యనా?"

"ముందు పైన కుళాయి తిప్పి వదిలెయ్. గొట్టంలో మిగిలిన నీళ్ళు పోవాలి. లేకపోతే ఇప్పుడు నీకు రెండోసారి స్నానం."

కుళాయి ఖాళీ అయ్యాక ఆమె మళ్ళీ అరలోకి దూరి, పానా నట్టుకి తగిలించి బలమంతా పెట్టింది. నట్టు కదల్లేదు. మరోసారి ప్రయత్నించింది. అప్పుడూ కదల్లేదు.

"రావట్లేదక్కా. నేను ముట్టుకుంటే ఈ ఇంట్లో ఏదీ బాగుపడదేమో."

"ఆ మాట ఎవరన్నారు?"

ఆమె పానా మళ్ళీ నట్టుకి తగిలించింది.

"ఇదిగో, విను. తిప్పేది ఎవరో నట్టుకి తెలీదమ్మా. ఎటు తిప్పుతున్నారో అదొక్కటే తెలుస్తుంది. నువ్వు విప్పుతున్నావా, బిగిస్తున్నావా?"

చూసుకుంటే నిజంగానే ఇంతసేపూ బిగిస్తోంది. నాలిక్కరుచుకుని రెండోవైపు తిప్పేసరికి నట్టు కిర్రుమని కదిలింది. లోపలున్న రబ్బరు వాషరు గట్టిపడిపోయి, వేలు తగలగానే రెండు ముక్కలైంది.

"విరిగిపోయిందక్కా."

"పోనీ పాపం, దానికి వయసైపోయింది. నువ్వు ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ముసలిదై ఉంటుంది. ఇందులో నీ తప్పేం లేదు."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నట్టు ఆమెకి కళ్ళు చెమర్చాయి. అక్క ముందే చెప్పడంతో పొద్దున కొట్లో కొనుక్కొచ్చిన కొత్త వాషరు తీసి లోపల పెట్టింది.

"పైన తెల్ల టేపు కూడా చుట్టనా? గట్టిగా ఉంటుంది."

"కట్టు కట్టడానికి అదేం విరిగిన చెయ్యి కాదు. అక్కడ నీళ్ళాపేది వాషరే. ముందు చేత్తో బిగించు, చివర్లో పానాతో కొంచెం. బలప్రదర్శన చేశావంటే ఇదీ చిట్లుతుంది."

ఆమె బలప్రదర్శన చెయ్యలేదు. గొట్టమంతా పొడిగా తుడిచి, గిన్నె తీసేసి అక్కడ ఓ న్యూస్‌పేపరు పరిచింది. అటకెక్కి వాల్వు మెల్లగా తెరిచి వచ్చి, అర ముందు బాసింపట్టు వేసుకుని కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఎంతసేపు చూసినా దాని మీద తడి మచ్చ పడలేదు.

"ఆగిందక్కా." ఆమె కాగితాన్ని వేలితో తడిమి చూసింది. "నేనే ఆపాను."

"నువ్వే. ఇప్పుడాయనొచ్చి, కుళాయి రెండుసార్లు తిప్పి, 'ఇంతేనా, నేనే చేసేవాణ్ణి' అంటాడు. నువ్వు మాత్రం నవ్వకు."

సాయంత్రం అతను వచ్చాడు. వంగి సింకు కిందకి చూశాడు. కుళాయి ఓసారి తిప్పాడు, కట్టాడు, మళ్ళీ తిప్పాడు.

"ఇంతేనా? ఆదివారం నేనే చేసేవాణ్ణిగా" అన్నాడు.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"ఇంతకీ ఎలా చెయ్యాలో ఎవరు చెప్పారు?"

"ఒక అక్క. ఫోనులో."

"ప్లంబరా?"

"కాదు. ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచేసుకునేదట. వాళ్ళాయన చెప్పిన ఆదివారం కోసం చూసీ చూసీ, చివరికి తనే నేర్చుకుందట."

అతను పగలబడి నవ్వాడు. "ఎవడో గానీ మహానుభావుడు. ఆవిడ అంత పనిమంతురాలైతే ఓసారి మనింటికి పిలవరాదూ? ఆ గడియా, స్విచ్చూ కూడా చూపిద్దాం."

"పిలిచాను. రానంది."

"ఏం, ఎందుకని?"

"మీతో విడాకులయ్యాక ఈ గుమ్మం తొక్కనని ఒట్టేసుకుందట."