స్తుతి గంట

మైపాడు చర్చి గంట మిట్టమధ్యాహ్నం గణగణ మోగింది. బిడ్డ పుడితే దేవునికి స్తుతిగా ఆ గంట కొట్టడం ఊరి ఆనవాయితీ. పాస్టరు పరుగున వచ్చి చూస్తే, తాడు పట్టుకుని ఊగిపోతున్నవాడు పడవ నడిపే యోనా! ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయాక అతను చర్చి గడప తొక్కలేదు. మళ్లీ నెలలు నిండిన భార్య దీవెనమ్మ మాత్రం ఒక్క ఆదివారమూ మానలేదు.

"కాన్పయిందా యోనా? దేవునికి స్తోత్రం!" పాస్టరు అతన్ని కావలించుకున్నాడు. వలలు వదిలేసి వచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు.

యోనా పగలబడి నవ్వుతున్నాడు, కళ్లెంట నీళ్లు కారుతున్నాయి.

"ఇంకా కాలేదయ్యా! నొప్పులు ఇప్పుడే మొదలైనాయి. బిడ్డ ఏడ్చినాక ఎవరైనా కొడతారంట. ఏమవుతుందో తెలియకముందే కొట్టిరమ్మని దీవెన నన్ను తరిమింది."

పాట ఆగిపోయింది.

 పాస్టరు తానూ తాడు పట్టుకున్నాడు.