తువ్వాలు కింద ముప్పై

చెప్పిన మాటకి చెప్పినట్టు ఒప్పుకోవడం ప్రభాకరరావు ఇంటావంటా లేదు. నూజివీడులో పేరున్న మామిడి వ్యాపారి. కొత్తిమీర కట్ట కొన్నా బేరమాడనిదే ఆయనకి అన్నం సహించదు.

తలలో గడ్డ ఉందన్నప్పుడూ అంతే. "కరెంటు పెట్టాలి, అదే, రేడియేషన్. చెప్పినన్ని రోజులూ రావాల్సిందే, ఒక్కరోజు కూడా తగ్గదు" అన్నాడు మొదట చూసిన డాక్టరు.

"రసాలు కోతకొచ్చాయి. బేరం తెలియని మనిషితో మనకేంటే!" అంటూ ప్రభాకరరావు లేచి వచ్చేశాడు.

భార్య అన్నపూర్ణ బతిమాలింది. ఏడ్చింది. ఆయన ఎడమకంట్లో మసక పెరుగుతోంది గానీ మనిషి మెత్తబడలేదు. ఆవిడా తక్కువది కాదు, విస్సన్నపేట మామిడి దళారుల ఆడపడుచు. ఎలాగైతేనేం, ఏలూరులో ఇంకో డాక్టరుకి చూపిద్దామని కారెక్కించింది.

దారిలో హనుమాన్ జంక్షన్ రాగానే ఆయన నవ్వాడు.

"నిన్న చీరలకని పొద్దున ఏలూరు పోయి సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చావు. బేరం చేతకాకపోతే అంతే మరి."

"నిజమేనండీ" అంది అన్నపూర్ణ.

డాక్టరు ఫణి మరీ కుర్రవాడు. కంప్యూటర్లో ప్రభాకరరావు తల చూపించాడు. వాళ్లు తెచ్చిన ఎమ్మారై మీద సీటీ పరిచి, పిందెంత గడ్డ చుట్టూ ఎర్రగీత గీశాడు.

"కంటినరం పక్కనే ఉందండీ. దానికి తగలకుండా గడ్డ మీదే కిరణాలు పడేట్టు ప్లాన్ చేస్తాం. మధ్యలో మానేస్తే మాత్రం చూపు పోతుంది. ఆ తర్వాత ప్రాణానికే ముప్పు."

"గీత గడ్డకి కాస్త ఎడంగా పోయిందేంటి?"

"అంచులో కంటికి కనపడని జబ్బు ఉండొచ్చండీ."

ప్రభాకరరావు తలాడించాడు. కాయ మీద మచ్చ కోసేటప్పుడు ఆయనా చుట్టూ కాస్త మంచి కండ కలిపే కోస్తాడు. ఇక మిగిలింది రోజుల లెక్క. ఆయన భుజం మీది తువ్వాలు తీసి డాక్టరు చేతి మీద కప్పాడు.

మామిడి మార్కెట్లో ధర నోటితో చెప్పుకోరు. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు. అక్కడ ఒప్పుకున్నాక మాట తప్పినవాడికి మళ్లీ మార్కెట్లో మొహం ఉండదు.

ప్రభాకరరావు రెండు వేళ్లు పట్టుకున్నాడు. వేలికి పది లెక్కన ఇరవై రోజులు. కుర్రాడు తెల్లమొహం వేస్తాడనుకున్నాడు. అతను తిరిగి నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. నలభై!

"ఓరి నీ! మీదీ మామిడి వ్యాపారమేనా?"

"కొంచెం పరిచయం అండీ" అన్నాడు డాక్టరు.

ఇక చూస్కోండి. మళ్లీ రెండు. మళ్లీ నాలుగు. ఆయనకి జబ్బు మాటే గుర్తులేదు, మొహం వెలిగిపోతోంది. డాక్టరు మాత్రం చెమటలు కక్కుతూ అన్నపూర్ణ వైపు చూశాడు. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

చివరికి ప్రభాకరరావు మూడు వేళ్లు పట్టుకుని బిగించాడు. డాక్టరు వెంటనే ఒప్పేసుకున్నాడు.

"ఈ ముప్పైలో ఒక్కటి తప్పినా కుదరదండీ."

"తువ్వాలు కింద మాటయ్యా! రేపట్నించే వస్తా."

గది బయటికి రాగానే భార్య చెవిలో గుసగుసలాడాడు. "పది రోజులు కొట్టేశానే!"

"మీతో బేరం ఎవరి తరమండీ!" అని ఆవిడ మురిసిపోయింది.

ఆయన ఈలవేసుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. అన్నపూర్ణ స్కాన్ ఫిల్ములు మర్చిపోయానంటూ వెనక్కి వచ్చి, డాక్టరు గది తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"నిన్న నేను నేర్పినట్టే వేళ్లు పట్టావు గానీ బాబూ, అసలు లెక్కైన ముప్పైకి అంత తొందరగా దిగిపోతే ఆయనకి అనుమానం రాదూ?"