పేరున్న పుంజు

“కొక్కొరొకో” అన్న కూత కొట్టు లోపలినుంచి వినిపించగానే, వరాలమ్మ యంత్రపు తొట్టెలో పెరిగిన చవక కోడిమాంసాన్ని పక్కన పెట్టేసింది. జ్వరపడి లేచిన భర్తకు ఆ మాంసం సయించడం లేదు. వారం రోజులుగా ఆయన నోరు నాటుకోడి పులుసునే కోరుతోంది.

“ప్రాణమున్న నాటుపుంజును కోయించుకోవాలంటే ముందు దాని పేరు పైకి పలకాలని చట్టం కదా పిన్నిగారూ. పలక్కపోతే బోను తెరుచుకోదు,” అంది కొట్టు నడిపే లోవకుమారి.

బోనుమీది పేరు చదివి వరాలమ్మ సిగ్గుపడింది.

“మా ఆయన పేరేనే. పేరెత్తితే మొగుడి ఆయుష్షు తగ్గిపోద్దంటారు.”

“తిండి మానేస్తే పెరుగుద్దేంటండీ?”

వరాలమ్మ నవ్వాపుకొని, కొంగు సవరించుకొని, పెళ్లయిన నలభై ఏళ్లకు తొలిసారిగా పలికింది.

“గవర్రాజు.”