ఒక నంబరుకు ఒక మనిషి

ఆయన మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంప్పా, ఏం కావాల?" అంది ప్రసన్న, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

ప్రొద్దుటూరులోని ఆ ట్రస్టు ఆఫీసులో డేటా చూసేది ఆమే. రాళ్ల పాలిష్ మిల్లుల దుమ్ముకు ఊపిరితిత్తులు చెడినవాళ్లకు ట్రస్టు నెలనెలా మందులు పంపుతుంది. జమ్మలమడుగు, పులివెందుల వైద్య క్యాంపుల్లో ఒకే మనిషి పేరు రెండేసిసార్లు ఎక్కుతోందని ప్రసన్న ఒక ప్రోగ్రాం రాసింది.

ఒకే ఫోన్ నంబరున్న పేర్లన్నీ ఒక గుంపు. గుంపులో మొదటి పేరు ఉంచు, మిగతావి తీసెయ్.

చిటికెలో డేటా శుభ్రమైంది. మేనేజరు శభాష్ అన్నాడు కూడా.

"నా పేరు పీర్ సాహెబ్, మేడం. జమ్మలమడుగు. మా వీధిలో ఖాతూన్‌బీకి తప్ప ఎవురికీ మందులు రాలేదు."

ప్రసన్న ఆయన నంబరు అడిగి పాత జాబితాలో కొట్టింది. తెర నిండా పేర్లు. చివరిదాకా చదివే ఓపిక లేకపోయింది.

"ఒక్క నంబరు మీద ఇంతమందా! ఏంది కథ?"

"వాళ్లకు ఫోన్లు లేవు మేడం. నాదే ఇచ్చినా."

"మందులు తీసుకపోయి అమ్ముకుంటాండావా?"

ఆయన మొహం చిన్నబోయింది. "అట్లనొద్దు మేడం. శానా ఆయాసపడతాండారు. ఒకసారి వచ్చి చూడండి."

"నీలాంటోళ్లను శానామందిని చూసినాంలే. పో."

ఆయన మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత మెల్లగా దిగిపోయాడు. నాటకాలు, అనుకుంది ప్రసన్న.

నెల తిరిగింది. ఆ పొద్దున ఇంట్లో ప్రసన్న ఫోనుకు అవ్వ కంటి ఆసుపత్రి మెసేజ్ వచ్చింది. వెనకే అమ్మ షుగర్ పరీక్షది.

"అన్నిటికీ నా నంబరేందిమా?"

"అవ్వకు ఫోనే లేకపాయె. నాకు మెసేజీలు చదవను రాదు. నీది గాక ఎవురిది ఇయ్యాల?" అంది అమ్మ ఉప్మా వడ్డిస్తూ.

ప్రసన్న చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేసింది. తన ప్రోగ్రాం ఈ ఇంటికి వస్తే అవ్వను ఉంచి అమ్మను తీసేసేది. పాపం, ఆ మనిషిని ఎంత మాట అంది!

ఆఫీసుకు పరుగెత్తి ప్రోగ్రాం మార్చింది. నంబరుతో పాటు పేరూ వయసూ కలిస్తేనే ఒకే మనిషి. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"పీర్ సాహెబ్ గారున్నారా?"

"నేను ఖాతూన్‌బీని మా. ఆయన ఫోను ఇప్పుడు నా దగ్గరే ఉండాది."

"ఈ నెల నుంచి మీ వీధిలో అందరికీ మందులొస్తాయి. తప్పు నాదే. ఆయనకు క్షమాపణ చెప్పుకోవాల."



"మొన్న శుక్రవారమే ఆయన్ను మట్టి చేసినాం మా."

"అయ్యో! ఏమైంది?"

"అదే దుమ్ము జబ్బు మా. నాకొచ్చిన మందు ఇస్తే, ముందు మిగతావాళ్లకియ్యి అనేటోడు. క్యాంపులో గూడా మా అందరివీ అయినాక, ఆఖర్న రాయించుకున్నాడు తన పేరు."