సరిచూసినవారు

మైకు తనదాకా రాకముందే బిస్కెట్ల మామ్మ లేచి నిలబడింది.

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. ఈ మోటార్ల కంపెనీ వాటాదారుల సమావేశానికి ఆవిడ ఏటా వస్తుంది. చివరి వరసలో కూర్చుంటుంది. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆవిడకున్న వాటాలు చిటికెడు. ఊరికే ఇచ్చే టీ, బిస్కెట్ల కోసమే వస్తోందని తేల్చేసి, ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టారు.

నిజానికి ఆవిడ ఒక్క బిస్కెట్టయినా ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు. పేర్లు పెట్టేవాళ్ళకి అంత తీరిక ఎక్కడుంటుంది?

"లెక్కల కాగితం అడుగున 'సరిచూసినవారు' అని ఒక పేరు వేశారు," అంది మామ్మ. "ఆయన్ని ఒకసారి చూడాలి. పిలిపించండి."

"సెలవులో ఉన్నారు మామ్మగారూ," అన్నాడు ఛైర్మన్.

"నిరుడూ సెలవే అన్నారు."

"కష్టపడే మనిషి. కాస్త విశ్రాంతి కావాలిగా."

హాలు గొల్లుమంది.

"ఒంట్లో బాగుందా ఆయనకి?"

"దివ్యంగా ఉన్నారు. మీకంటే నాకంటే గట్టిగా ఉన్నారు."

మామ్మ ఆ మాట విని ఛైర్మన్ మొహంలోకే చూస్తూ నిలబడింది.

వేదిక పక్కన కూర్చున్న అకౌంటెంటు తన ముందున్న లెక్కల కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

ఆ సరిచూసేది ఆమే మరి. ఒకరు రాస్తే మరొకరు సరిచూడాలని రూలు. ఆమె పొద్దున్న తన పేరుతో కంప్యూటర్లోకి వెళ్ళి లెక్క రాస్తుంది. టీ తాగొచ్చి, ఆ పెద్దాయన పేరుతో మళ్ళీ వెళ్ళి 'సరిచూశాను' అని నొక్కుతుంది.

ఆ పెద్దాయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె చేరేసరికే కుర్చీ ఖాళీ. రిటైరయ్యాడన్నారు. కంపెనీ చేతులు మారాక, కొత్త ఛైర్మన్ ఆ కుర్చీలో ఇంకొకరిని వెయ్యలేదు. ఒక జీతం మిగులుతుంది. పైగా ఆ పేరంటే బ్యాంకులకీ ఆడిటర్లకీ గురి. పేరుతోనే పని జరిగిపోతుంటే మనిషెందుకు?

మొదట్లో ఆమె కూడా ఇదొక పద్ధతి కాబోలు అనుకుంది. ఈ ఏడు, గోడౌన్లోంచి అంగుళం కదలని మోటార్లను అమ్ముడుపోయినట్టు రాయమన్నారు.

"సరిచూసేవాళ్ళు ఒప్పుకోరు సార్," అంది ఆరోజు, తప్పించుకోవడానికి.

"ఆయన ఎప్పుడైనా కాదన్నాడా?" అన్నాడు ఛైర్మన్, నిజంగానే పక్కగదిలో ఒక మనిషి ఉన్నట్టు.

ఆమె రాసింది. నొక్కింది. ఆ పూట నుంచి ఆ పేరు తెర మీద కనిపిస్తే చాలు, సిగ్గుతో తల దించుకుంటోంది.

"మామ్మగారిని బయట కూర్చోబెట్టి టీ ఇవ్వండి," అన్నాడు ఛైర్మన్.

ఇద్దరు గార్డులు వచ్చారు. మామ్మ వాళ్ళ చేతులు పక్కకి నెట్టింది.

"నడవగలను. పిలిపించేదాకా ఏటా వస్తాను," అని చెప్పి తలెత్తుకుని వెళ్ళింది.

ఛైర్మన్ నిమ్మకు నీరెత్తినట్టు కాగితం అందుకున్నాడు.

"మన దగ్గర రాసేవారు వేరు, సరిచూసేవారు వేరు. ఒకరి తప్పు ఇంకొకరి కన్ను దాటి పోదు. మా అకౌంటెంటు గారే సాక్షి. ఏమ్మా, అంతేగా?"

ఆమె లేచింది. తలూపి కూర్చుంటే సరిపోయేది. ఏటా అదే చేస్తోంది.

"కాదండీ," అంది.

మైకు ఆ మాటని హాలంతా మోసింది.

"రాసేదీ నేనే, సరిచూసేదీ నేనే. ఆయన పేరుతో నొక్కుతున్నది నా వేలు. అమ్మేశామన్న మోటార్లు గోడౌన్లోనే ఉన్నాయి. వెళ్ళి తట్టి చూడండి."

"కూర్చోండి మేడమ్. ఉద్యోగం అక్కర్లేదా?" అన్నాడు ఛైర్మన్.

"కావాలండీ. ఇంటి అద్దె కట్టేది నేనే. అయినా కూర్చోను."

ఇందాక నవ్వినవాళ్ళంతా చేతిలో కాగితం తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాల కోసం వెతుకుతున్నారు. చాలామందికి ఆ వరస చదవడం అదే మొదలు.

"ఆ పెద్దావిడని లోపలికి పిలవండయ్యా," అన్నాడు ముందు వరసలో ఒకాయన.

గార్డులు వెళ్ళి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన టీ చల్లారిపోయింది, బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

అకౌంటెంటు తన దగ్గరున్న ఆఫీసు తాళాల గుత్తి బల్ల మీద పెట్టి పరుగున బయటికి వెళ్ళింది. మామ్మ గేటు దాటి బస్టాపులో నిలబడి ఉంది.

"మామ్మగారూ, చెప్పేశాను."

"మైకు గేటు దాకా వినిపిస్తుందిలే."

"అందరూ మిమ్మల్ని రమ్మంటున్నారు."

"ఇప్పుడా? నేను అడగాల్సింది అడిగాను. మిగతాది వాళ్ళనే అడగమను."

"ఏటా మీరే చెప్పెయ్యొచ్చుగా, ఆ మనిషి అక్కడ లేడని?"

"నేను చెబితే బిస్కెట్ల ముసలిదాని గొడవ అనేవారు. లోపలివాళ్ళ నోటివెంటే రావాలని పంతం పట్టాను."

ఆ పేరు ఆవిడకీ తెలుసన్నమాట. ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆయన మీకు తెలుసు కదా? ఎక్కడుంటారో చెప్పండి. ఇన్నాళ్ళూ ఆయన పేరు వాడుకున్నాను. వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

బస్సు వచ్చి ఆగింది. మామ్మ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పాలవాడి లెక్కయినా రెండుసార్లు చూసుకోందే ఒప్పుకునేవారు కాదమ్మా. అలాంటి మనిషి పేరు మీద అబద్ధం నడుస్తుంటే ఊరుకోలేకపోయాను."

మెట్టెక్కి, వెనక్కి తిరిగి అంది.

"మీ ఛైర్మన్ దివ్యంగా ఉన్నారంటున్నది మా ఆయన గురించే, పోయి నాలుగేళ్ళయింది."